నాన్నకు ఎండోస్కోపీయా, తీగ కట్టిన గుళికా?

ఏళ్ల తరబడి పులితేన్పులతో నాన్న అన్నవాహిక లోపలి పొర మారింది. బారెట్స్ అంటారు, కొందరిలో అది క్యాన్సర్ దాకా పోతుంది, అందుకే 3 నుంచి 5 ఏళ్లకోసారి చూపించుకోవాలి. ఎండోస్కోపీ అంటే పరగడుపున చిత్తూరు నుంచి తిరుపతి బస్సు, మత్తు, పక్కన తోడు మనిషి.

బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి బృందం 2013లో వెల్లడించిన గుళికకు మత్తే అక్కర్లేదు. నీళ్లతో మింగితే, లోపల గిర్రున తిరిగే కాంతి గోడ పొరలను లోతుగా చిత్రిస్తుంది. సుమారు 6 నిమిషాల్లో తీగ పట్టి వెనక్కి తీసేస్తారు. నాన్నలాంటి భయస్తులకు ఎంత ఊరట!

కానీ ఆ గుళికతో పరీక్షకు పొర ముక్క తీయడం కుదరదు. ఎండోస్కోపీలో ప్రతి 2 సెంటీమీటర్లకు నాలుగు వైపులా ముక్కలు తీస్తారు, కణాల మార్పు తేలేది అక్కడే. నాన్నకు నేను ఎండోస్కోపీయే చేయిస్తాను. ఏళ్లుగా గుండెమంటకు మాత్రలు మింగుతూ, ఒక్క పరీక్షకూ ఒప్పుకోని మామయ్యకైతే ఆ గుళికే కావాలి.