మెనోపాజ్‌లో ఒంటి దురదకు ఏది మేలు: కొబ్బరినూనె, వ్యాజిలైన్, యూరియా క్రీమ్?

చలికాలంలో కాలి మీద గోటితో గీస్తే తెల్లటి గీత పడుతుందని, ఆ గీతలతో పేర్లు రాసుకుని ఆడుకున్న చిన్నతనం మనలో చాలామందికి ఉంటుంది. నలభై ఐదు దాటిన తరువాత అదే గీత మళ్లీ కనిపించేసరికి దాని వెంట దురద కూడా వస్తుంది. మోకాళ్ల కింద, నడుము చుట్టూ లంగా బొందు బిగిసే చోట, వీపు మీద చెయ్యి అందని చోట, పగలంతా పనిలో పడి మరచిపోయిన దురద రాత్రి దుప్పటి కప్పుకోగానే మొదలవుతుంది. కొందరికి పైకి మచ్చ గానీ దద్దురు గానీ ఏమీ కనబడకుండానే ఒంటి మీద చీమలు పాకుతున్నట్టు ఉంటుంది. ఇది మనసు కల్పించుకున్నది కాదు, ఈ వయసులో వైద్యులు తరచుగా వినే ఫిర్యాదే.

వరుసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతే దానిని మెనోపాజ్ అంటారు. పాశ్చాత్య దేశాల్లో అది సగటున 51 ఏళ్లకు వస్తుండగా, మన దేశంలో 46, 47 ఏళ్లకే వస్తోంది. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గినప్పుడు చర్మం మూడు విధాలుగా నష్టపోతుంది: నూనె గ్రంథులు మందగిస్తాయి, పైపొరలో కణాల మధ్య సున్నంలా అతికి ఉండే సెరమైడ్లు తగ్గుతాయి, చర్మానికి బిగువునిచ్చే లోపలి ప్రొటీన్ కొల్లాజెన్ తొలి ఐదేళ్లలోనే దాదాపు 30 శాతం తరిగిపోతుంది. కొల్లాజెన్ తగ్గడం వల్ల చర్మం పలచబడుతుంది. దురదకు మాత్రం మొదటి రెండే ముఖ్య కారణాలు. గోడకు సున్నం రాలిపోతే తేమ నిలవనట్టే, పైపొర అతుకు వదిలిన చర్మం లోపలి నీటిని గాలికి వదిలేస్తుంది. అందువల్ల ఏ నూనె, ఏ క్రీమ్ మేలన్నది తూచేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇది నీటిని లోపల ఎంతసేపు నిలుపుతుంది?

ముందుగా కొబ్బరినూనెను చూద్దాం, ఎందుకంటే అది ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. 2004లో ఫిలిప్పీన్స్‌లో పొడిచర్మం ఉన్న 34 మందిపై చేసిన పరీక్షలో కొబ్బరినూనె, పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్ రెండూ రెండు వారాల్లో చర్మపు తేమను ఇంచుమించు సమానంగా పెంచాయని తేలింది. కాబట్టి అమ్మమ్మల నమ్మకం వట్టి నమ్మకం కాదు. అయితే నూనెలో నీరు ఉండదు. పొడిగా ఉన్న కాలికి పొడిగానే నూనె రాస్తే, ఉన్న కాస్త తేమ మీద పలుచని మూత వేసినట్టవుతుంది తప్ప కొత్తగా తేమ చేరదు. స్నానం ముగించి తువ్వాలుతో అద్దుకుని, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, రెండు మూడు నిమిషాలలోపు రాసుకున్నప్పుడే దాని ఫలితం పూర్తిగా కనబడుతుంది. మన అలవాటు దీనికి సరిగ్గా ఎదురుగా ఉంది: నూనె స్నానానికి ముందు పట్టిస్తాం, ఆ తరువాత సబ్బుతోనో సున్నిపిండితోనో దానినంతా వదలగొట్టి, స్నానం అయ్యాక ఏమీ రాయం. అభ్యంగనం తప్పని నేను అనను, ముందు పట్టించిన నూనె సబ్బు ధాటిని కొంత ఆపుతుంది కూడా. కానీ దురద తగ్గాలంటే స్నానం తరువాతి రెండు చెంచాల నూనె ముందు పట్టించిన గిన్నెడు నూనె కంటే ఎక్కువ పని చేస్తుంది.

నువ్వులనూనెకూ ఇదే మాట వర్తిస్తుంది. ఆలివ్ నూనె సంగతి వేరు. అమెరికా నుంచి వచ్చే బంధువులు సూట్‌కేసులో తెచ్చే ఆలివ్ నూనె సీసాకు మన ఇళ్లలో ఉన్న గౌరవం నాకు తెలుసు. కానీ దానిలో అధికంగా ఉండే ఓలియిక్ ఆమ్లం చర్మపు పైపొర అల్లికను వదులు చేస్తుందని, లినోలియిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న పొద్దుతిరుగుడు నూనె ఆ అల్లికను చెడగొట్టదని 2013లో వెలువడిన ఒక బ్రిటిష్ అధ్యయనం చూపింది. కాబట్టి ఆ సీసాను వంటింటికి పంపడమే మేలు.

నీటిని పట్టి ఉంచడంలో వ్యాజిలైన్‌ను మించినది లేదు. 1872లో అమెరికాలో పేటెంటు పొందిన ఈ పెట్రోలియం జెల్లీకి వాసన లేదు, ఎలర్జీ అతి అరుదు, ధర తక్కువ. నీరు ఆవిరయ్యే దారిని ఇది దాదాపు పూర్తిగా మూసేస్తుంది. నూనెలు అందులో కొంత భాగమే చేయగలవు. హైదరాబాదు డిసెంబరు పొడిగాలిలో, చికాగోలోనో టొరంటోలోనో హీటర్ వేసి మూసుకున్న గదుల్లో, రాత్రి కాళ్లకు దీనికి సాటి వచ్చేది నాకు కనబడలేదు. అదే విశాఖలోనో విజయవాడలోనో మే నెల ఉక్కలో దీనిని ఒళ్లంతా రాసుకుంటే, అసలే మెనోపాజ్ వేడి ఆవిర్లతో చెమటలు పోస్తున్న ఒంటికి ఊపిరాడనట్టు ఉంటుంది, చెమటకాయలు కూడా వస్తాయి. మరొక జాగ్రత్త గురించి మన ఇళ్లలో ఎవరూ మాట్లాడుకోరు: వ్యాజిలైన్ వంటి పారాఫిన్ లేపనాలు, నూనెలు ఇంకిన బట్టకు నిప్పు త్వరగా అంటుకుంటుందని, ఉతికినా అది పూర్తిగా వదలదని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ పలుమార్లు హెచ్చరించింది. రాత్రి రాసుకుని పడుకున్న నైటీతోనే తెల్లవారి గ్యాసు పొయ్యి దగ్గర నిలబడడం మనకు మామూలే కనుక, పొయ్యి వెలిగించే ముందు బట్ట మార్చుకోవడం మంచిది. నూనె కాళ్లతో స్నానాలగది గచ్చు మీద నడవడం కూడా, ఎముకలు బలహీనపడే ఈ వయసులో, చిన్న ప్రమాదమేమీ కాదు.

ఇక మందుల షాపులో దొరికే క్రీములు. వీటిలో గ్లిజరిన్, యూరియా వంటివి నీటిని పట్టుకుంటాయి, సెరమైడ్లు రాలిన సున్నం చోట కొంత అతుకు వేస్తాయి, పారాఫినో సిలికోనో పైన మూత వేస్తుంది. అంటే నూనె ఒక్క పని చేస్తే మంచి క్రీమ్ మూడు పనులు చేస్తుంది. గ్లిజరిన్‌లో రోజ్ వాటర్ కలిపి రాసుకునే పాత పద్ధతి ఇక్కడే వెనకబడుతుంది: మూత లేని గ్లిజరిన్ పొడిగాలిలో చర్మం లోపలి నీటినే పైకి లాగుతుంది. యూరియా కొనేటప్పుడు శాతం చూడాలి. 5 నుంచి 10 శాతం ఉన్నది తేమ కోసం. 20 శాతం, అంతకు మించినది మడమల పగుళ్ల దగ్గర మొద్దుబారిన చర్మాన్ని కరిగించడానికి. రెండోదాన్ని పొరపాటున చేతులకు పూసుకుంటే మంట పుడుతుంది. గోకి గోకి రక్కుకున్న చోటైతే 10 శాతం కూడా చురుక్కుమంటుంది, అక్కడ వ్యాజిలైనే హాయి. సువాసన కలిపినది ఎంత ఖరీదైనదైనా వద్దు.

క్రీముకున్న అసలు ఇబ్బంది ధర. ఒళ్లంతటికీ ఒకసారి సరిగా రాయాలంటే సుమారు 30 గ్రాములు కావాలి, అంటే వంద గ్రాముల ట్యూబు మూడు రోజులకు మించి రాదు. నెలకు పది ట్యూబులు కొనగలిగే ఇళ్లు ఎన్ని? అందుకే చాలామంది బొటనవేలి గోరంత క్రీముతో కాలంతా రుద్ది, పని చేయలేదని పక్కన పడేస్తారు. నా తూకం ప్రకారం క్రీమును దురద గట్టిగా ఉన్న ముంజేతులకు, నడుముకు, మోకాళ్ల కింది భాగానికి మాత్రం రోజుకు రెండుసార్లు ధారాళంగా వాడి, మిగిలిన ఒంటికి స్నానం కాగానే కొబ్బరినూనె రాసి, చలికాలపు రాత్రుల్లో కాళ్లకు వ్యాజిలైన్ పట్టించడం మేలు. ఒక్కటే కొనగలిగితే వ్యాజిలైన్ కొనాలి.

ఇవేవీ స్నానం మార్చకుండా నిలవవు. చర్మపు పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే అంకె, 5 దగ్గర ఉంటే మామూలు సబ్బుది 9, 10 ఉంటుంది. రోజూ చంకలకు, గజ్జలకు, పాదాలకు సబ్బు చాలు, కాళ్లూ చేతులూ నీళ్లతోనే శుభ్రపడతాయి. సబ్బు కంటే సున్నిపిండి మేలా అని అడిగేవారికి, నలుగు ఉండలు కట్టేదాకా రుద్దకపోతే మేలేనని, రుద్దితే సబ్బు కంటే కీడని చెప్పవలసి ఉంటుంది. పైగా పిండి ఒంటి జిడ్డును పీల్చుకుంటుంది. పొగలు కక్కే నీళ్లు పోసుకుంటే ఆ క్షణాన దురదకు ఎంతో హాయిగా ఉంటుంది, గంట తిరగకముందే రెట్టింపవుతుంది. గోరువెచ్చని నీటితో పది నిమిషాల్లో ముగించాలి.

కాలమైన్ లోషన్ చల్లగా ఉన్నా చర్మాన్ని ఇంకా ఎండబెడుతుంది. సెట్రిజిన్ మాత్ర దద్దుర్లకు పని చేసినంతగా పొడిచర్మపు దురదకు పని చేయదు. షాపువాడు ఇచ్చే స్టెరాయిడ్ మిశ్రమ ఆయింట్‌మెంటు అన్నిటికంటే చెడ్డ ఎంపిక. రెండు రోజుల్లో దురద మాయమైనట్టుంటుంది, కానీ అసలే పలచబడుతున్న చర్మం మరింత పలచబడుతుంది. బొందు దగ్గరి దురద నిజానికి తామర అయితే, ఎర్రని అంచుతో గుండ్రంగా ఉన్నది కాస్తా నడుమంతా పాకుతుంది. హార్మోన్ చికిత్సను కేవలం చర్మం పొడిబారిందని ఇవ్వరు. వేడి ఆవిర్లు భరించలేనప్పుడు, ఆరోగ్య చరిత్ర చూసి ఇస్తారు.

రెండు మూడు వారాలు ఇవన్నీ సరిగా చేసినా దురద తగ్గకపోతే, దానిని మెనోపాజ్ ఖాతాలో వేసి ఊరుకోకూడదు. థైరాయిడ్, చక్కెర వ్యాధి, ఇనుము లోపం, కాలేయం, మూత్రపిండాల సమస్యలు ఈ వయసులోనే దురద రూపంలో తొంగిచూస్తాయి, మామూలు రక్తపరీక్షలతో వీటిలో చాలావరకు తెలిసిపోతాయి. ఇంట్లో మరో ఇద్దరు కూడా రాత్రిళ్లు వేళ్ల సందులు గోక్కుంటుంటే అది గజ్జి. కారణం లేకుండా బరువు తగ్గుతూ, జ్వరం వస్తూ, పక్క తడిసేలా చెమటలు పడుతుంటే, అవి వేడి ఆవిర్లేనని సరిపెట్టుకోకుండా వెంటనే వైద్యులకు చూపించాలి. జననాంగం వద్ద దురద సంగతి చాలామంది ఏళ్ల తరబడి పైకి చెప్పరు. అక్కడ సబ్బు, డెటాల్ వాడితే మంట పెరుగుతుంది. ఒంటికి వాడే యూరియా క్రీమ్ అక్కడ వాడనే కూడదు. అది లోపలి పొర పొడిబారడం వల్లనైతే లోపల వాడే ఈస్ట్రోజెన్ క్రీముతో బాగా తగ్గుతుంది. తెల్లటి మచ్చలతో చర్మం ముడతలు పడి పలచబడి ఉంటే అది లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి కావచ్చు, దానికి మాత్రం స్టెరాయిడ్ ఆయింట్‌మెంటే సరైన మందు, గైనకాలజిస్టు చూసి రాసి ఇచ్చినప్పుడు.