డబుల్ కా మీఠానా, చాక్లెట్ చెర్రీ పుడ్డింగా?

బ్రెడ్ మిగిలింది, సాయంత్రం చుట్టాలొస్తున్నారు. హైదరాబాద్‌లో చెయ్యి ముందు డబుల్ కా మీఠా వైపే పోతుంది. అదే బ్రెడ్‌తో చేసే చాక్లెట్ చెర్రీ పుడ్డింగ్ కూడా తేలికే.

ఖర్చు: మీఠాకి నెయ్యి, పాలు, చక్కెర, చిటికెడు కుంకుమపువ్వు. పుడ్డింగ్‌కి 8 స్లైసులకు అర లీటరు పాలు, 3 గుడ్లు, చక్కెర, 100 గ్రాముల డార్క్ చాక్లెట్, చెర్రీలు. జేబుకి బరువు చెర్రీలే. కశ్మీర్, హిమాచల్ పండ్లు వేసవిలోనే వస్తాయి. కిరాణాలో చవగ్గా దొరికే ఎర్రటి ‘చెర్రీ’ చాలావరకు పాకంలో ఊరిన వాక్కాయే. ఉత్త తీపి, చాక్లెట్‌కి కావలసిన పులుపు అందులో ఉండదు.

శ్రమ: మీఠాకి పొయ్యి దగ్గరే నిలబడి ముక్కలన్నీ వేయించాలి, పాకం పట్టాలి. పుడ్డింగ్‌కి మిగతావన్నీ కలిపి, బ్రెడ్ మీద పోసి, అరగంట నాననిచ్చి ఒవెన్‌లో 180 డిగ్రీల్లో 35–40 నిమిషాలు వదిలేయడమే. ఒవెన్ లేదా? వెయిట్ పెట్టని కుక్కర్‌లో ఆవిరి మీద ఉడుకుతుంది, పైన కరకర మాత్రం రాదు.

రిస్కు: మీఠా ముక్కలు మాడొచ్చు. పుడ్డింగ్‌లో మరిగే పాలు గుడ్లలో గబుక్కున పోస్తే అది గుడ్డు పొరటే.

గుడ్డు తినని పెద్దవాళ్లుంటే, విందు పెద్దదైతే మీఠా. నలుగురైదుగురు, అందులో పిల్లలుంటే పుడ్డింగ్. జూన్‌లో మంచి చెర్రీలు కనిపిస్తే మాత్రం నా ఓటు పుడ్డింగ్‌కే.