పోర్టులు లెక్కపెట్టి లైన్ కార్డు కొనకండి: ఎంఎక్స్480తో మా రాయగడ అనుభవం

రాయగడలో మాది చిన్న ఇంటర్నెట్ సర్వీసు. కొన్నేళ్లుగా జూనిపర్ ఎంఎక్స్480 రౌటర్ మీదే నడుస్తున్నాం. ఛాసిస్, అంటే దాని పెట్టె, గట్టిది; కేబుళ్లు తగిలించే పోర్టులుండే లైన్ కార్డులు అందులో ఆరు పడతాయి, దాని గురించి అంతకన్నా చెప్పేదేమీ లేదు. తేడా అంతా కార్డుల్లోనే.

సెకండ్ హ్యాండ్ డీలర్ ఎవరైనా ముందు చూపించేది పదహారు టెన్ జీ (సెకనుకు 10 గిగాబిట్లు) పోర్టుల ఎంపీసీ, అంటే ఈ రౌటర్‌కి వేసే ఒక రకం లైన్ కార్డు. పోర్టుకి ఎంత పడిందని చూస్తే చవకే. కానీ అందులో నాలుగేసి పోర్టులకు డేటా ప్యాకెట్లను దారి చూసి పంపే చిప్ ఒకటి ఉంటుంది, దాని సత్తా సెకనుకు 30 గిగాబిట్లు. నాలుగు పోర్టులూ నిండితే 40 కావాలి. అందుకే మా విశాఖ వైపు లింకులు రెండూ ఒకే గుంపులో పెట్టలేదు. అలా సర్దుకుంటే అప్‌స్ట్రీమ్‌కి, అంటే మాకు ఇంటర్నెట్ వచ్చే వైపుకి, ఈ కార్డు బంగారం.

కస్టమర్ల వైపు మాత్రం వద్దు. ఇందులో పోర్టుకి ఎనిమిది క్యూలే, అంటే ప్యాకెట్లు ఆగే వరుసలు ఎనిమిదే. పీపీపీఓఈతో, అంటే యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే కస్టమర్‌కి ప్లాన్ ప్రకారం స్పీడ్ ఇవ్వాలంటే ఇక పోలీసింగే గతి, అంటే హద్దు దాటిన ప్యాకెట్‌ని పారేయడమే. రాత్రి ఎనిమిదింటికి ఇంట్లో ఒకరు పెద్ద ఫైల్ దించుకుంటుంటే, పక్క గదిలో వీడియో కాల్ ముక్కలవుతుంది. స్పీడ్ టెస్ట్‌లో అంకె బాగానే వస్తుంది, కంప్లయింట్ ఫోన్లు మాత్రం ఆగవు! పేరు చివర ‘Q’ అక్షరం ఉన్న ఎంపీసీ2 కార్డు అయితే ఒక్కో కస్టమర్‌కీ వేరే క్యూ ఇవ్వొచ్చు, ప్యాకెట్లు పోకుండా కాసేపు వరుసలో ఆగుతాయి. ఖరీదు ఎక్కువే, అయినా నా ఓటు దీనికే.

ఇంకోటి, పదహారు పోర్టుల కార్డు వన్ జీ (సెకనుకు 1 గిగాబిట్) మాడ్యూళ్లను, అంటే పోర్టులో దూర్చి ఫైబర్ తగిలించే ముక్కలను, తీసుకోదు. బిస్సంకటక్, కాశీపూర్ లాంటి చోట్ల ఇంకా వన్ జీ స్విచ్‌లు ఉన్నవాళ్లు ఎంపీసీ2లో ఇరవై పోర్టుల ఎస్ఎఫ్‌పీ (వన్ జీ మాడ్యూల్ రకం) మిక్, అంటే ఆ కార్డులో దూర్చే చిన్న పోర్టుల కార్డు, వేసుకోవాలి. ఎంపీసీ2కి దొరికే పాత టెన్ జీ మిక్‌లేమో ఎక్స్‌ఎఫ్‌పీ అనే వేరే సైజు మాడ్యూళ్లవి, పదహారు పోర్టుల కార్డులో వాడే ఎస్ఎఫ్‌పీ ప్లస్ అందులో దూరదు. స్పేర్లు రెండు రకాలూ అల్మరాలో ఉంచుకోక తప్పదు, తలనొప్పే.

ఎంపీసీలకు హై కెపాసిటీ ఫ్యాన్ ట్రే కావాలి, పాత ఛాసిస్‌తో వచ్చేది అదో కాదో పార్ట్ నంబర్ చూసుకోండి. గాలి పక్క నుంచి పక్కకు పోతుంది కాబట్టి ర్యాక్‌ని గోడకి ఆనించొద్దు. మే నెలలో కరెంటు పోతే 48 వోల్టుల బ్యాటరీలు రౌటర్‌ని నిలబెడతాయి గానీ ఏసీని కాదు. డబ్బు కట్టే ముందు రౌటర్‌లో ఏ కార్డులు, పార్టులు ఉన్నాయో చూపించే ‘షో ఛాసిస్ హార్డ్‌వేర్’ కమాండ్ అవుట్‌పుట్ అడగండి. పంపడానికి నసిగితే వేరే డీలర్‌ని చూసుకోండి.