ఆరేళ్ల ఓడీఆర్: ఒక్క లైనుతో వచ్చింది, ఒక్క లైనుతో పోయింది

మా కంపెనీ రొయ్యల మేత అమ్ముతుంది. హెడ్డాఫీసు విజయవాడ. కైకలూరు, ఆకివీడు, భీమవరం మొదలుకుని కింద గూడూరు దాకా 43 డిపోలు. ఒక్కో డిపోలో ఒక సిస్కో 881 రౌటర్, దాన్నుంచి విజయవాడ రౌటర్‌కి ఒక టన్నెల్, అంటే వేరేవాళ్ల లైను మీదుగా వేసుకున్న మా సొంత దారి. సర్వర్ అందకపోతే బిల్లు రాదు, బిల్లు లేకపోతే బస్తాలు లారీ దిగవు, ఫోన్ మాత్రం నాకు వస్తుంది.

మొదట్లో అన్నీ స్టాటిక్ రూట్లే, అంటే ఎవరికి ఎటు వెళ్లాలో చేత్తో రాసిన దారులు. డిపోకి రెండు సబ్‌నెట్లు (ఐపీ నెంబర్ల గుంపులు), అంటే హబ్‌లో, మా విజయవాడ రౌటర్‌లో, 86 లైన్లు. ఎక్కడైనా కొత్త సబ్‌నెట్ పెడితే అక్కడొకటి, ఇక్కడొకటి రాయాలి. రాత్రి పదకొండు గంటలకు మాస్క్‌లో (సబ్‌నెట్ ఎంత పెద్దదో చెప్పే నెంబరులో) ఒక అంకె తప్పు కొట్టి, తెల్లారేదాకా ఆకివీడు ట్రాఫిక్‌ని ఉండి ఊరి డిపోకి పంపిన ఘనత నాది. రౌటర్లు దారులు వాటంతటవే నేర్చుకునే ఓఎస్‌పీఎఫ్ పెడదామంటే, ఒకే లైను మీద వేలాడే డిపోకి మొత్తం నెట్‌వర్క్ మ్యాప్ ఎందుకనిపించింది. అప్పుడు దొరికింది ఓడీఆర్, ఆన్ డిమాండ్ రూటింగ్. కొత్తదేం కాదు, సిస్కో రౌటర్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.2 నుంచీ ఉంది. వాడేవాళ్లే తక్కువ.

హబ్‌లో 'రౌటర్ ఓడీఆర్' అని ఒక్క లైను. డిపో వైపు రూటింగ్ పేరుతో ఒక్క అక్షరం రాయనక్కర్లేదు. సిస్కో పరికరాలు నిమిషానికోసారి సీడీపీ అనే తమ సొంత ప్రోటోకాల్‌తో పక్కవాడిని పలకరించుకుంటాయి కదా, ఆ పలకరింపులోనే డిపో రౌటర్ తనకు నేరుగా తగిలి ఉన్న సబ్‌నెట్లను మాస్క్‌తో సహా చెప్పేస్తుంది. దానికి జవాబుగా హబ్ డిఫాల్ట్ రూటు ఇస్తుంది, అంటే దారి తెలియనిదంతా నాకే పంపు అంటుంది. టన్నెల్ మీద సీడీపీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి అక్కడ ఆన్ చేయాలి, అంతే.

మార్చిన రోజు ఇంకా గుర్తుంది. ఒకే చోటికి రెండు దారులుంటే డిస్టెన్స్ అనే అంకె తక్కువున్నదే గెలుస్తుంది; ఓడీఆర్ డిస్టెన్స్ 160, స్టాటిక్‌ది 1. కాబట్టి ముందు ఓడీఆర్ ఆన్ చేసి, ఆ తర్వాత స్టాటిక్ లైన్లు ఒక్కొక్కటే తీసుకుంటూ పోయాను. ఒకటి తీయగానే రూటింగ్ టేబుల్‌లో అదే సబ్‌నెట్ పక్కన స్టాటిక్ గుర్తు ఎస్ పోయి, ఓడీఆర్ గుర్తు చిన్న ఓ వచ్చి కూర్చునేది. 86 సార్లు అదే చూశాను, విసుగు రాలేదు. ఒక్క డిపో నుంచి కూడా ఫోన్ రాలేదు.

బ్రాడ్‌బ్యాండ్ డిపోలు కొంచెం ఏడిపించాయి. అక్కడ ఇంటర్నెట్ డిఫాల్ట్ రూటు డీహెచ్‌సీపీ (ప్రొవైడర్ ఐపీ పంచే పద్ధతి) నుంచి వస్తుంది, దాని డిస్టెన్స్ 254. ఓడీఆర్ ఇచ్చే డిఫాల్ట్ రాగానే అది పక్కకు పోతుంది. అప్పుడు టన్నెల్ తన అవతలి కొసను తనలోంచే వెతుక్కుంటుంది, రికర్సివ్ రూటింగ్ అని లాగ్ కొట్టి పడిపోతుంది. కాసేపటికి లేస్తుంది, మళ్లీ పడుతుంది. హబ్ పబ్లిక్ ఐపీ ఒక్కదానికి డీహెచ్‌సీపీ గేట్‌వే మీదుగా స్టాటిక్ రూటు రాస్తే సర్దుకుంది. 'డిపో వైపు ఏమీ రాయనక్కర్లేదు' అన్నానే, ఆ మాట లీజ్డ్ లైన్ ఉన్నవాళ్లకే అనుకోండి.

రెండో ఏడాది ఇంకో విచిత్రం. స్టోర్స్ మేనేజర్ ఫోన్ చేసి, "సార్, కైకలూరు కెమెరా తెరిస్తే కావలి గోడౌన్ కనిపిస్తోంది" అన్నాడు. నమ్మలేదు. నా సిస్టమ్‌లో తెరిచాను, కైకలూరే వచ్చింది. ఆయన సిస్టమ్‌లో కావలి. సంగతేంటంటే, డీవీఆర్ (కెమెరా రికార్డింగ్ పెట్టె) బిగించినవాళ్లు పెట్టిన 192.168.1 నెంబర్లు మార్చడం ఎందుకులే అని మావాడు రెండు డిపోల్లోనూ అదే సబ్‌నెట్ ఇచ్చేశాడు. రెండు రౌటర్లూ నిజాయితీగా "ఇది నాది" అన్నాయి. హబ్ రెండింటినీ సమానంగా నమ్మి పంచింది. స్టాటిక్ రోజుల్లో అయితే రెండోసారి అదే లైను రాస్తున్నప్పుడు చెయ్యి ఆగేది. ఇప్పుడు హబ్‌లో ఫిల్టర్ ఉంది, మా 10తో మొదలయ్యే సబ్‌నెట్లు తప్ప ఏదీ లోపలికి రాదు. అంటే ఒక్క లైను కాస్తా ఆరు లైన్లయింది.

అసలు దెబ్బ నాలుగో ఏడాది తగిలింది. ఆడిట్ జరిగింది. రిపోర్టులో ఒక పాయింటు: సీడీపీ వల్ల పరికరం మోడల్, సాఫ్ట్‌వేర్ వెర్షన్ పక్కవాడికి తెలిసిపోతాయి, ఆపేయాలి. ఇందులో తప్పేం లేదు, ఇంటర్నెట్ వైపు పోర్టులో అది ఉండకూడదు. నేను సెలవులో ఉన్నాను. మా జూనియర్ చురుకైనవాడు, స్క్రిప్టు రాసి సాయంత్రం ఆరు దాటాక 43 డిపో రౌటర్లకూ సీడీపీని పూర్తిగా ఆపేసే 'నో సీడీపీ రన్' కొట్టాడు. చేసిన మార్పు సేవ్ కూడా చేశాడు. స్క్రీన్ మీద అన్నీ సక్సెస్. నాకు మెసేజ్ పెట్టాడు: "అన్నా, ఆడిట్ పాయింట్ క్లోజ్."

ఓడీఆర్‌లో నన్ను ఇప్పటికీ భయపెట్టేది ఇదే. తప్పు చేసిన వెంటనే ఏమీ కాదు. మూడు నిమిషాలు అంతా బాగానే ఉంటుంది, ఎందుకంటే 180 సెకన్లు కబురు రాకపోతేనే రూటు చెల్లదు, 240కి టేబుల్ నుంచి పోతుంది. వాడు చివరి డిపోల్లో ఉండగా మొదటి డిపోలు మాయమవడం మొదలైంది. పది నిమిషాల్లో హబ్‌లో చిన్న ఓ ఒక్కటి లేదు. టన్నెళ్లన్నీ అప్ అనే చూపిస్తున్నాయి. వాడు లైన్లు పోయాయనుకుని సర్వీస్ ప్రొవైడర్‌కి ఫోన్ చేసి గంట గొడవపడ్డాడు. పాపం, వాళ్ల తప్పు గోరంత కూడా లేదు.

నాకు ఫోన్ వచ్చేసరికి ఏడున్నర. పెళ్లిభోజనంలో ఉన్నాను. వాడు చెప్పడం పూర్తవకముందే ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని విస్తరి ముందు నుంచి లేచాను. రౌటర్లు ఆఫ్ చేసి ఆన్ చేయమందామంటే, సేవ్ చేసేశాడు కదా. వాడి లాప్‌టాప్ నుంచి ఏ డిపో రౌటరూ అందదు, ఎందుకంటే టన్నెల్ మీదుగా తిరుగుదారి చెప్పే ఓడీఆర్ డిఫాల్ట్ రూటు డిపోలో లేదు.

అప్పుడు తట్టింది. హబ్ టన్నెల్ అడ్రసు, డిపో టన్నెల్ అడ్రసు ఒకే సబ్‌నెట్. వాటి మధ్య మాట్లాడుకోవడానికి ఏ రూటింగూ అక్కర్లేదు. "ముందు హబ్‌లోకి లాగినవ్వు, అక్కణ్నుంచే డిపో టన్నెల్ ఐపీకి ఎస్ఎస్‌హెచ్ కొట్టు" అన్నాను. భీమవరం తెరుచుకుంది. వాడు ఫోన్‌లో ఊపిరి వదలడం వినిపించింది. 'సీడీపీ రన్' అని ఒకటి, టన్నెల్ మీద 'సీడీపీ ఎనేబుల్' అని ఇంకొకటి. నిమిషం తిరక్కుండా హబ్‌లో భీమవరం ఓ కనిపించింది. అలా 42. గూడూరు ఒక్కటి రాలేదు, దాని లాగిన్ ఫిల్టర్‌లో టన్నెల్ సబ్‌నెట్ రాయడం మరిచిపోయింది నేనే. పొద్దున్నే రైలెక్కి, రౌటర్‌కి నేరుగా గుచ్చే నీలం రంగు కన్సోల్ కేబుల్ జేబులో పెట్టుకుని వెళ్లాను. అక్కడి మేనేజర్ టీ ఇప్పించారు గానీ మాట్లాడలేదు.

తర్వాత డిపోల్లో ఇంటర్నెట్ పోర్టు మీద మాత్రం సీడీపీ తీసేశాను, టన్నెల్ మీద ఉంచాను. ఆ తేడా రాసి పంపితే ఆడిట్ వాళ్లు ఒప్పుకున్నారు. టైమర్లు 60, 180 నుంచి 20, 60కి దించాను. అదీ రెండు చోట్ల మార్చాలి, సీడీపీలో ఒకసారి, ఓడీఆర్‌లో ఒకసారి.

మీకు పెట్టుకోమని చెప్పాలా అంటే, నా సంగతి వేరు. నావన్నీ సిస్కోలే, డిపోకి ఒకటే లైను, డిపో రౌటర్ వెనక ఇంకో రౌటర్ లేదు. ఉండుంటే దాని వెనక సబ్‌నెట్లు హబ్‌కి తెలిసేవే కావు. డిపో రౌటర్‌లో వేరే రూటింగ్ ప్రోటోకాల్ ఏది మొదలుపెట్టినా ఓడీఆర్ నోరు మూసుకుంటుంది, కాబట్టి కొద్దికొద్దిగా ఇంకోదానికి మారదామన్నా కుదరదు. వచ్చే ఏడాది హైదరాబాద్‌లో రెండో హబ్ పెట్టాలంటున్నారు. పెడితే ఈఐజీఆర్‌పీ స్టబ్ అనే ఇంకో రూటింగ్ పద్ధతికి మారతానేమో, ల్యాబ్‌లో రెండు పాత 881లు పెట్టి చూస్తున్నాను. కానీ పోయిన నెల నరసాపురంలో 44వ డిపో తెరిచారు. హబ్ ముట్టుకోలేదు. డిపోలో కరెంటు వచ్చిన నిమిషానికి ఓ వచ్చింది. జూనియర్ చూసి నవ్వాడు. వాడి స్క్రిప్టులో మొదటి లైను ఇప్పుడొక కామెంటు: సీడీపీ తీసే ముందు అన్నకి ఫోన్ చెయ్.