బ్రిటన్‌లో ఏడాది పబ్లిక్ పాలసీ మాస్టర్స్: డిపాజిట్ కట్టే ముందు ఇది చదవండి

ఆఫర్ లెటర్ వచ్చి, ఇవాళో రేపో డిపాజిట్ కట్టబోతున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. బ్రిటన్‌లో ఏడాది పబ్లిక్ పాలసీ (ప్రభుత్వ విధానాల) మాస్టర్స్ నేను పూర్తి చేశాను. పాఠాలు బాగాలేవని అనను, కొందరు ప్రొఫెసర్లు నిజంగా గొప్పగా చెప్పారు. కానీ నాకు అమ్మింది ఒకటి, చేతిలో పెట్టింది ఇంకొకటి.

కోర్సు పేజీలోనూ, కన్సల్టెన్సీ వాళ్ళ నోటా అన్నిటికన్నా ముందు వచ్చిన మాట "ప్రభుత్వ శాఖలో ప్లేస్‌మెంట్". అంత ఫీజుకి ఒప్పుకున్నది దానికోసమే. తీరా ఇండక్షన్‌లో తెలిసిందేమిటంటే, సీట్లు కొన్నే, వాటికీ పోటీ. పైగా సెక్యూరిటీ క్లియరెన్స్ అడిగే శాఖలు సాధారణంగా బ్రిటన్‌లో కొన్నేళ్ళ నివాసం చూస్తాయి, కాబట్టి అప్పుడే విమానం దిగినవాళ్ళకి ఆ దారి లేనట్టే. మిగిలినవాళ్ళందరికీ ఒక సంస్థ కోసం గ్రూపుగా రాసే రిపోర్టు అప్పగించి, ఇదీ ప్లేస్‌మెంట్‌తో సమానమే అన్నారు. నేను కోరుకున్న ఇంపాక్ట్ ఇవాల్యుయేషన్ (పథకాల ఫలితాన్ని కొలిచే పద్ధతులు) పేపర్ ఆ ఏడాది అసలు పెట్టనే లేదు. అడిగితే, మాడ్యూళ్ళు (పేపర్లు) మారవచ్చని పేజీ అడుగున రాసి ఉందన్నారు.

పోనీ వేసవిలో సొంతంగా ఇంటర్న్‌షిప్ చూసుకుందామంటే, అసలు చిక్కు అక్కడే ఉంది. రెండేళ్ళ కోర్సులో మధ్యన ఒక వేసవి ఖాళీగా దొరుకుతుంది. ఏడాది కోర్సులో వేసవి అంటే డిసర్టేషన్, అంటే చివరి పరిశోధన వ్యాసం రాసే కాలం. డిగ్రీ పిల్లలకి అది సెలవు కాబట్టి ఫుల్‌టైమ్ పని చేసుకోవచ్చు. మాస్టర్స్ వాళ్ళకి వీసా లెక్కలో అదీ టర్మే (చదువు నడిచే కాలమే), పని వారానికి 20 గంటలు దాటకూడదు. ఫుల్‌టైమ్ ఇంటర్న్‌షిప్ చేతికొచ్చినా వదులుకోవాల్సిందే. "ఏడాదిలో అయిపోతుంది, ఖర్చు కలిసొస్తుంది" అని పదేపదే చెప్పిన కౌన్సెలర్ ఈ ముక్క ఒక్కసారి కూడా ఎత్తలేదు. క్లాసులు సెప్టెంబరు చివర్లో మొదలవుతాయి. పెద్ద సంస్థల గ్రాడ్యుయేట్ ఉద్యోగాల దరఖాస్తులు చాలావరకు ఆ చలికాలం లోపే ముగుస్తాయి. అప్పటికి చూపించడానికి ఒక్క మార్కు కూడా ఉండదు.

వీసా సంగతి ఇంకా జాగ్రత్తగా చూడండి. చదువయ్యాక బ్రిటన్‌లో ఉండి పని చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్ళు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ వాళ్ళకి 18 నెలలే. అంటే 2026 సెప్టెంబరులో చేరేవాళ్ళు "రెండేళ్ళు" అన్న పాత మాట నమ్మకూడదు. కోర్సు 12 నెలలుంటే స్టూడెంట్ వీసా చివర నాలుగు నెలలు అదనంగా ఇస్తారు. తొమ్మిది పది నెలల కోర్సునీ "ఏడాది" అనే అమ్ముతారు, దానికి రెండు నెలలే. ఆ లోపు యూనివర్సిటీ మీరు పాసయ్యారని హోం ఆఫీసుకి (వీసాలు చూసే బ్రిటన్ ప్రభుత్వ శాఖకి) తెలపాలి, మీరు దరఖాస్తు పెట్టాలి. ఫలితాలు ఆలస్యమైతే ఆ టెన్షన్ చెప్పనలవి కాదు. ఇలాంటి టాట్ మాస్టర్స్‌కి (పరిశోధనతో కాక క్లాసు పాఠాలతో సాగే కోర్సులకి) వచ్చేవాళ్ళు 2024 జనవరి నుంచి భార్యాభర్తల్ని, పిల్లల్ని డిపెండెంట్లుగా తీసుకురాలేరు. ఇది కూడా కొందరికి డబ్బు కట్టాకే తెలిసింది.

తర్వాత స్పాన్సర్‌షిప్, అంటే మీకు ఉద్యోగమిచ్చే సంస్థ మీ వర్క్ వీసాకి పూచీ పడటం. మీకు ఇష్టమైన థింక్‌ట్యాంకులు (విధానాలపై పరిశోధన చేసే సంస్థలు), స్వచ్ఛంద సంస్థల పేర్లు రాసుకుని, హోం ఆఫీసు ప్రచురించే లైసెన్సున్న స్పాన్సర్ల జాబితాలో వెతకండి. నేను ఆశపెట్టుకున్న చిన్న సంస్థల్లో చాలావాటి పేర్లు అందులో కనిపించలేదు. లైసెన్స్ ఉన్నా కనీస జీతం షరతు ఉంది: 2025 జులై నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకి మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్లు, కొత్తగా చేరేవాళ్ళకి కొన్ని షరతులతో 33,400.

"ఇంతశాతం మందికి ఉద్యోగాలు" అన్న అంకె చూపిస్తే, అందులో విదేశీ విద్యార్థులు ఎందరు, వాళ్ళలో కొత్తగా పాలసీ ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళు ఎందరు అని ఈమెయిల్‌లో అడగండి. సెలవు పెట్టి వచ్చి, తిరిగి తమ కుర్చీలోకే వెళ్ళే అధికారులు ఇలాంటి బ్యాచ్‌లలో ఉంటారు. వాళ్ళూ ఆ లెక్కలో ఉద్యోగస్తులే. నిజానికి ఈ కోర్సు బాగా పనికొచ్చేది వాళ్ళకే. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్ కూడా రెండేళ్ళ పని అనుభవం అడిగి, చదువయ్యాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలంటుంది. అలా వచ్చేవాళ్ళని నేను ఆపను. అప్పు చేసి, బ్రిటన్‌లోనే కెరీర్ మొదలుపెడదామని వచ్చేవాళ్ళ గురించే నా బెంగ.

కన్సల్టెన్సీ సలహా ఉచితం అంటే, వాళ్ళకి కమిషన్ యూనివర్సిటీ ఇస్తుందని అర్థం. వాళ్ళు ఫోన్లో చెప్పిన ప్రతి హామీనీ రాతలో పంపమనండి. కోర్సు పేజీని తేదీతో సహా సేవ్ చేసుకోండి, పోయినేటి కోర్సు హ్యాండ్‌బుక్ అడిగి తెప్పించుకోండి. డిపాజిట్ రీఫండ్ షరతులు కూడా ముందే చదవండి. వీసా తిరస్కరిస్తే వెనక్కిచ్చేవాళ్ళు, మీరు మనసు మార్చుకుంటే ఇవ్వకపోవచ్చు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళు ముందు యూనివర్సిటీలోనే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అక్కడ తేలకపోతే "కంప్లీషన్ ఆఫ్ ప్రొసీజర్స్" లెటర్ (యూనివర్సిటీలో ఫిర్యాదు ప్రక్రియ ముగిసిందనే లేఖ) తీసుకోండి. ఇంగ్లండ్, వేల్స్‌లో చదివినవాళ్ళు దానితో 12 నెలల్లోపు ఆఫీస్ ఆఫ్ ది ఇండిపెండెంట్ అడ్జుడికేటర్‌కి (విద్యార్థుల ఫిర్యాదులు పరిశీలించే స్వతంత్ర సంస్థకి) వెళ్ళవచ్చు, విద్యార్థి పైసా కట్టక్కర్లేదు. నా ఫిర్యాదు ఇంకా యూనివర్సిటీ దగ్గరే ఉంది. ప్లేస్‌మెంట్ గురించి వాళ్ళు రాసిన పాత పేజీ కాపీ నా దగ్గరుంది కాబట్టే ఆ ఫిర్యాదుని తోసిపుచ్చలేకపోతున్నారు.