బరంపురం నుంచి 'బిగ్' గ్రాంటుకి వేయాలనుకునేవాళ్లకి

'బిగ్' అంటే బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంట్. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2012లో పెట్టిన, బయోటెక్ కంపెనీలకి చేయూతనిచ్చే బైరాక్ అనే సంస్థ ఇచ్చే గ్రాంటు ఇది. 18 నెలలకి 50 లక్షల దాకా వస్తుంది. అప్పు కాదు, కంపెనీలో వాటా అడగరు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు కొత్తరకం జీవ ఎరువో, రోగ పరీక్ష కిట్టో చేద్దామనుకునేవాళ్లకి తొలి డబ్బుగా దీనికి మంచి మార్కులే వేయాలి. కానీ ఇది ఆలోచన పనిచేస్తుందని రుజువు చేయడానికి ఇచ్చేది, షెడ్డు కట్టడానికి కాదు. బ్యాంకుకి రాసిన ప్రాజెక్టు రిపోర్టుకే అట్ట మార్చి పెడితే పని జరగదు.

దరఖాస్తులు మామూలుగా ఏడాదికి రెండుసార్లు, జనవరి 1న, జూలై 1న తెరుస్తారు. సొంత ల్యాబ్ లేనివాళ్లు ఇంక్యుబేటరులో, అంటే కొత్త కంపెనీలకి ల్యాబు, యంత్రాలు వాడుకోనిచ్చే చోట చేరాలి. మనకి దగ్గరిది భువనేశ్వర్‌లో కిట్ యూనివర్సిటీ ఇంక్యుబేటరైన కిట్-టీబీఐ, హైదరాబాదు వైపు చూసేవాళ్లకి ఐకేపీ నాలెడ్జ్ పార్కు. ఫారమంతా ఇంగ్లీషే, అదొక తలనొప్పి.

అసలు చిక్కు మైలురాళ్ల దగ్గర, అంటే ఏ దశకి ఏం సాధించి చూపిస్తామో దరఖాస్తులో రాసే చోట. ఊకబొగ్గులో అజోస్పైరిల్లమ్ (గాలిలోని నత్రజనిని పంటకి అందించే బ్యాక్టీరియా) కలిపి చోడి (రాగి) పంటకి ఇద్దామనుకోండి. 'నాణ్యమైన ఎరువు తయారీ' అని రాస్తే ఎవరూ కొలవలేరు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పొడి రకంలో గ్రాముకి కనీసం 5 కోట్ల బతికున్న కణాలుండాలి, ద్రవమైతే మిల్లీలీటరుకి 10 కోట్లు. కాబట్టి 'ఆరు నెలలు మామూలు గదిలో ఉంచాక కూడా గ్రాముకి 5 కోట్లు' అని రాయండి. మే నెల వేడికి తేమ ఆరిపోయి సంఖ్య పడిపోయేది అక్కడే, కొత్తదనం చూపించాల్సిందీ అక్కడే. లిగ్నైట్ (గోధుమరంగు బొగ్గు) పొడిలో కలిపిన ప్యాకెట్లు బజారులో బోలెడున్నాయి, వాటికి గ్రాంటెందుకిస్తారు?

డబ్బు ఒక్కసారిగా రాదు. మైలురాయి చూపించాకే తరువాతి వాయిదా. మొదటి వాయిదాతోనే ఆటోక్లేవు (ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం), ఫెర్మెంటరు (సూక్ష్మజీవుల్ని పెంచే ట్యాంకు) కొనేస్తే మధ్యలో జీతాలకి కటకటే. ఇంక్యుబేటరు యంత్రాల్ని గంటల లెక్కన వాడుకుంటే నయం. గ్రాంటుకి వేరే బ్యాంకు ఖాతా తెరవాలి, సొంత ఖర్చులు అందులో కలిపితే ఆడిట్‌లో ఇరుక్కుంటారు.

అడవి మట్టి నుంచి తీసిన సూక్ష్మజీవి మీద పేటెంటు వేస్తుంటే జాతీయ జీవవైవిధ్య సంస్థ గడప తొక్కకుండా కుదరదు. ఆ కాగితాలు మొదటి నెలలోనే మొదలుపెట్టండి.