ఫ్యాక్టరీ ఫైవ్ మార్క్ 4 రోడ్‌స్టర్ ఫైబర్ బాడీ: తలుపుల జోలికి తొందరపడి వెళ్ళకండి

1960ల నాటి షెల్బీ కోబ్రా స్పోర్ట్స్ కారు ఆకారంలో, అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రం, వేర్‌హామ్‌లోని ఫ్యాక్టరీ ఫైవ్ కంపెనీ తయారుచేసిన కిట్ ఇది, అంటే విడిభాగాలుగా కొని మనమే బిగించుకునే కారు. అసలు కోబ్రాకి అల్యూమినియం రేకు బాడీ, దీనికి ఫైబర్. తలుపులు, బానెట్, డిక్కీ మూత తప్ప తక్కినదంతా ఒకే పెద్ద ముక్క. చాసిస్ (బండి ఇనప చట్రం) మీద పెట్టే పంపిస్తారు. దాన్ని దించి పక్కన పెట్టి ఇంజన్, సస్పెన్షన్, బ్రేకులు, వైరింగ్ అన్నీ అయ్యాక మళ్ళీ ఎక్కించాలి. వచ్చేటప్పుడు కూర్చునే వచ్చింది కదా అని ధీమాగా ఉంటే ఇక్కడే దెబ్బ తింటారు. అప్పుడు చాసిస్ బోసిగా ఉంది. ఇప్పుడు దాని చుట్టూ అల్యూమినియం ప్యానెళ్ళు లేచాయి, వాటి అంచులకు రబ్బరు సీల్ కూడా ఎక్కింది.

బాడీ మంచిదే. వంపులు బాగా తీశారు, పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. బోల్టులు బిగించడం ఒక పూట పని. ఆ తర్వాత వారాల తరబడి గీకుడే.

ఎక్కించడానికి నలుగురు ఉండాలి. రోల్ బార్ (సీటు వెనకుండే ఇనప కమ్మీ), విండ్‌షీల్డ్, పక్కనుండే పొగగొట్టాలు తీసేసి ఉండాలి. తలుపుల దగ్గర రెండు పక్కలా బయటికి లాగిపట్టి దించాలి. బలవంతం చేస్తే ఆ మూలల్లోనే జెల్‌కోట్, అంటే ఫైబర్ పైనుండే నున్నటి పొర, చిట్లుతుంది. కూర్చున్నాక ముందు డిక్కీ వైపు చూడండి. బాడీ వెనక భాగం పైకి లేచి ఉంటే కారణం చాలాసార్లు డిక్కీ గోడల రేకే. దాని అంచుకి బాడీ ఆనుతోంది. రేకు అంచు మీద మార్కర్ ఇంకు దట్టంగా పూసి, బాడీ దించి, మళ్ళీ ఎత్తి చూస్తే ఎక్కడ తాకుతోందో ఫైబర్ లోపల మచ్చ పడుతుంది. అక్కడ సీల్ పట్టేటంత సందు, సుమారు 6 నుంచి 9 మి.మీ., రేకు కత్తిరించాలి. బాడీని మాత్రం కత్తిరించకండి.

ఇక తలుపులు. హింజ్ బిగిసేది చాసిస్‌కి, బాడీకి కాదు. అంటే బాడీ 3 మి.మీ. అటు జరిగితే తలుపు సందు కూడా 3 మి.మీ. తప్పుతుంది. అందుకే ముందు, వెనక క్విక్ జాక్ (బంపర్ స్థానంలో ఉండే పైపులు) బోల్టులూ పక్క స్క్రూలూ పూర్తిగా బిగించి, బండిని స్టాండ్ల మీద నుంచి దించి చక్రాల మీద నిలబెట్టి, అప్పుడు తలుపు ముట్టుకోండి. ఈ వరస తప్పితే చేసిందంతా మళ్ళీ చేయాలి.

సందు 4 నుంచి 5 మి.మీ. పెట్టుకోండి, ప్రైమర్, పెయింట్ కొంత తినేస్తాయి. ఇరుగ్గా ఉన్నచోట సన్నటి ఇనప పట్టీకి 80 నంబరు గరుకు కాగితం అతికించి సందులో ఆడించాలి. వెడల్పుగా ఉన్నచోట చిట్కా ఒకటుంది. ఎదుటి అంచుకి బ్రౌన్ ప్యాకింగ్ టేపు వేయండి, రెజిన్ దానికి అంటదు. ఇవతల అంచుని 80తో గరుకు చేసి, అసిటోన్‌తో తుడిచి, ఫైబర్ పొడి కలిపిన రెజిన్‌తో సందు మొత్తం పూడ్చేయండి. గట్టిపడ్డాక హాక్సా బ్లేడుతో టేపు వెంట కోస్తే అంచు తిన్నగా వస్తుంది. ఉత్త లప్పంతో అంచు పెంచితే మాత్రం తలుపు నాలుగుసార్లు గట్టిగా వేసేసరికి రాలిపోతుంది.

రెజిన్‌లో హార్డనర్ 100 గ్రాములకు 1 నుంచి 2 గ్రాములు. ఒకేసారి పెద్ద కప్పులో కలిపితే చేతిలోనే పొగలొస్తుంది, కొంచెం కొంచెం కలుపుకోండి. 15 డిగ్రీల కంటే చల్లగా ఉన్న గరాజ్‌లో అసలు మొదలుపెట్టొద్దు. పైన గట్టిపడినట్టే ఉంటుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది. అమెరికాలో దొరికే రెజిన్‌లో యాక్సిలరేటర్ (త్వరగా గట్టిపడేలా చేసేది) సాధారణంగా ముందే కలిసి ఉంటుంది. మన దగ్గర విశాఖ, కాకినాడ వైపు ఫైబర్ పడవల పనికి రెజిన్, కోబాల్ట్ (ఇదే ఆ యాక్సిలరేటర్), హార్డనర్ విడివిడిగా అమ్ముతారు. అక్కడ పని నేర్చి వచ్చినవాళ్ళకి తెలిసే ఉంటుంది: కోబాల్ట్‌నీ హార్డనర్‌నీ నేరుగా కలపకూడదు, పేలుతుంది. ముందు రెజిన్‌లో కోబాల్ట్ బాగా కలిపేసి, ఆఖర్న హార్డనర్ వేయాలి. కళ్ళద్దాలు తప్పనిసరి.

బాడీ మీద మోల్డు అతుకు గీతలు కనిపిస్తాయి. ముక్కలుగా విడే మోల్డులో పోసిన ఏ బాడీకైనా ఇవి ఉంటాయి. చాలామంది పైపైన గీకి, లప్పం రాసి, రంగు వేస్తారు. మొదటి ఎండాకాలంలోనే గీత రంగులోంచి పైకి తేలుతుంది, నల్ల రంగైతే మరీ త్వరగా. గీతని 36 నంబరుతో వి ఆకారంలో తవ్వి, రెండు పక్కలా అంగుళం వెడల్పున జెల్‌కోట్ దించి, ఫైబర్ కోసమే వచ్చే గట్టి ఫిల్లర్‌తో నింపండి. ఎవర్‌కోట్ కంపెనీ వాళ్ళ వెట్ (Vette) ప్యానెల్ ఎడ్‌హెసివ్ చాలామంది వాడేది. నింపాక బండిని కొన్నాళ్ళు ఎండలో వదిలేయండి. కుంగాల్సిందేదో రంగుకు ముందే కుంగిపోతుంది. ఇంకోటి, గీకడానికి ముందే, మోల్డు నుంచి బాడీకి అంటుకొచ్చే మైనాన్ని వ్యాక్స్ రిమూవర్‌తో కడగాలి. లేకపోతే కాగితమే మైనాన్ని గీతల్లోకి రుద్దుతుంది, పెయింట్‌లో చేపకళ్ళు (చిన్న చిన్న గుండ్రటి గుంటలు) లేస్తాయి.

రోల్ బార్, అద్దాలు, లైట్ల రంధ్రాలకి టేపు వేసి, జెల్‌కోట్ దాటేదాకా డ్రిల్లు వెనక్కి తిప్పండి, నక్షత్రం పగుళ్ళు రావు. రంధ్రం బోల్టు కంటే 1 నుంచి 2 మి.మీ. పెద్దది ఉండాలి. ఫైబర్ ఎండకి ఇనుము కంటే సుమారు రెట్టింపు సాగుతుంది. మీటరున్నర పొడవు మీద ఎండ 40 డిగ్రీలు మారితే రెండింటి మధ్య తేడా సుమారు ముప్పావు మి.మీ. వస్తుంది. వెనక వెడల్పాటి వాషరు వేసి, బిగుతు తెలియగానే ఆపేయండి. ఫైబర్ దుమ్ముకి ఎన్95 మాస్కు, నిండు చేతుల చొక్కా. దురద రెండు రోజులు వదలదు.

బానెట్ మూల లేచి ఉంటే హింజ్ కింద షిమ్ (ఎత్తు సరిచేసే పలచటి రేకు ముక్క) వేసి చూడండి. సరిపడకపోతే క్లాంపుతో కిందికి నొక్కిపెట్టి లోపల చదరపు మీటరుకు 450 గ్రాములుండే ఫైబర్ మ్యాట్ రెజిన్‌తో రెండు పొరలు వేసి, పూర్తిగా ఆరాక వదలండి.

పెయింటర్ ఎలాగూ తలుపులు విప్పుతాడు. ఏ బోల్టు కింద ఎన్ని షిమ్‌లు ఉన్నాయో హింజ్ మీద టేపు అంటించి రాసి ఇవ్వండి.